ఆళ్లగడ్డలో గమ్మున జరిగిన పెండ్లి

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నంద్యాలలో మైకుసెట్టు అంగడి పెట్టుకొని, ఇన్నేళ్లుగా సౌండు పెంచడమే వృత్తిగా బతుకుతున్నవాణ్ని. నా మాట ఒక్కటే తగ్గి ఎట్లా ఉంటుంది? మా ఇంటావిడ నేను చెప్పినదాంట్లో సగం తీసేసి, మిగిలిన సగాన్ని పక్కింట్లో విచారించి, ఆ తర్వాత నమ్ముతుంది. మీరూ అట్లాగే చదవండి. అయితే ఇందులో ఒక్కచోట మాత్రం పెంచడం కాదు, పూర్తిగా కల్పించాను. అదేదో చివర్లో నేనే చెప్పేస్తాను.

అది 1978 ఎండాకాలం. ఆ ఏడు ఆళ్లగడ్డలో ఎండ ఎట్లా మండిందంటే, కాకులు ఎగరడం మానేసి గోడల నీడన నడిచి పోయేవి. అటువంటి ఎండలో, ఒక కిరాణా వ్యాపారి ఇంట్లో పెండ్లికి నా సామానంతా బస్సు టాపు మీద వేసుకొని నంద్యాల నుంచి బయలుదేరాను.

మా వృత్తి గురించి తెలియనివారికి రెండు మాటలు. పాట పుట్టేది రికార్డ్ ప్లేయర్‌లో. దాన్ని పెంచేది ఆంప్లిఫయర్; మావైపు దాన్ని ‘పెట్టె’ అంటారు. లోపల గాజు వాల్వులుంటాయి, అవి కాగేకొద్దీ పాటకు బలం వస్తుంది. ఇక ఊరికి వినిపించేది హారన్, అంటే మిద్దెల మీద కట్టే రేకు గొట్టం. నా గొట్టాలు సామాన్యమైనవి కావు. ఒకసారి మహానందిలో కడితే, అడవిలో మేసే ఆవులు పాట అయిపోయేదాకా నెమరు ఆపి నిలబడ్డాయని అక్కడివాళ్లు చెప్పుకున్నారు. చెప్పుకోకపోతే నేను చెప్పాను.

మైకు పెట్టాలంటే పోలీసుస్టేషన్‌లో పర్మిషన్ తీసుకోవాలి. ‘ఫలానా వీధిలో ఫలానా శుభకార్యానికి’ అని తెల్లకాగితం మీద రాసిస్తే, ‘పబ్లిక్‌కు ఇబ్బంది కలగకుండా’ అని ఒక ముక్క చేర్చి సంతకం పెట్టి ఇస్తారు. హద్దు మీరితే టౌన్ న్యూసెన్స్ కేసు. ఇబ్బంది అంటే ఎంత, పబ్లిక్ అంటే ఎవరు అన్నది ఆ కాగితంలో ఉండదు. ఎవరూ అడగరు కూడా. నా పెట్టెకు వాల్యూమ్ తిప్పే నాబ్ దగ్గర సుద్దముక్కతో రెండు గీతలు గీసుకున్నాను. ఒకటి పెండ్లి గీత. రెండోది పోలీసు గీత. పోలీసాయన వీధిలోకి వస్తే నాబ్ పోలీసు గీతకు దిగేది, ఆయన కాఫీ తాగి వెళ్లగానే పెండ్లి గీతకు ఎక్కేది. చట్టానికీ మాకూ మధ్య ఇన్నాళ్లూ ఒక్క మాట పొరపొచ్చెం లేకుండా నడిచింది ఆ గీతల చలువే.

ఇంకొక్క సంగతి చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మావైపు పందిరి వేసిన దగ్గర్నుంచి పెండ్లికూతుర్ని సాగనంపేదాకా పగలంతా మైకు పాడుతూనే ఉండాలి. నడుమ ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరో పోయారని లెక్క. కరెంటు పోతే ఏం చేస్తారని మీరు అడగవచ్చు. కరెంటు పోతే ఊరి చివర పిండిమర కూడా ఆగుతుంది, జనం అర్థం చేసుకుంటారు. పిండిమర ఆడుతూ ఉండి, పెండ్లింటి మైకు ఒక్కటే ఆగిందా, ఆడవాళ్లు పొయ్యి మీది ఎసరు దించి బయలుదేరుతారు.

పెండ్లి పెద్ద పేరు వెంకటసుబ్బయ్య శెట్టి. కూతురి పెండ్లి. మగపెండ్లివారు నంద్యాలలో నూనె వ్యాపారం చేసే ఘనమైనవాళ్లు. నేను దిగీ దిగకముందే శెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు.

“నాలుగు గొట్టాలూ కట్టప్పా. మా వియ్యంకులు ఈడ బస్సు దిగకముందే మన పాట వినపడాల.”

“ఆడ బస్సు ఎక్కకముందే వినిపిస్తా శెట్టీ,” అన్నాను.

మిద్దె మీద నాలుగు దిక్కులకూ నాలుగు గొట్టాలు కట్టాను. వాటిలో ఒకటి ఎదురుగా వీధి అవతల ఉన్న చిన్న పెంకుటింటి మీదికి చూస్తూ ఉంది. ఆ ఇంటి సంగతి నాకు వింతగా తోచింది. అంత ఎండలో కిటికీలన్నీ మూసి, వాటి మీద నల్ల గొంగళ్లు కప్పారు. ఇంటి ముందు వీధి పొడుగునా వరిగడ్డి పరిచారు. ఎవరో ఎద్దును ముద్దుగా సాకుతున్నట్టున్నారు అనుకొని, నాబ్‌ను పెండ్లి గీతకు తిప్పాను. శెట్టి ఇంటి వసారా రేకులు తాళం వేయడం మొదలుపెట్టాయి. శెట్టి మొహం వెలిగిపోయింది.

కాసేపటికి ఆ ఇంట్లోంచి తెల్లచీర కట్టుకున్న ఒకామె గడ్డి మీద అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. పేరు మార్తమ్మ, నర్సు. ఊళ్లో అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. అది ఇల్లు కాదు, కొత్తగా వచ్చిన డాక్టరు పెట్టిన చిన్న ఆసుపత్రి అని అప్పుడే తెలిసింది. ఇంకా బోర్డు కూడా కట్టలేదు.

“అన్నా, ఆ గొట్టం నిలిపేస్తావా? లోపల సీరియస్ కేసు ఉండాది,” అంది.

“నిలపడానికి నాదేముంది సిస్టర్? పెండ్లి శెట్టిది, కరెంటు సర్కారుది, గొంతు పాట పాడినోళ్లది. నేను నడుమ తీగ లాంటోణ్ని,” అని చమత్కరించాను. ఆమె నవ్వలేదు. నేరుగా శెట్టి దగ్గరికి పోయింది.

శెట్టి అదిరిపడ్డాడు. “పెండ్లింట్లో మైకు ఆపమంటాండావా? యాడన్నా ఉండాదా తల్లీ? మా నాయనకు ఎనభై దాటినాయి. మైకు ఆగితే ఊరంతా ఏమనుకుంటాది? మగపెండ్లోళ్లు ఏమంటారు? తగ్గిస్తాంలే, పో.”

నేను పోలీసు గీతకు దించాను. ఆమె వెళ్లగానే శెట్టి బావమరిది వచ్చి, తన చేత్తోనే నాబ్ పైకి తిప్పాడు.

మార్తమ్మ స్టేషన్‌కు పోయింది. హెడ్ కానిస్టేబుల్ ఖాసిం సాబ్‌ను వెంటబెట్టుకొని వచ్చింది. ఖాసిం సాబ్ పొట్ట ముందుగా, మీసం తర్వాత, ఆయన ఆఖరున పందిట్లోకి ప్రవేశించేవారు. నేను అలవాటుగా నాబ్ దించాను. ఆయన పర్మిషన్ కాగితం అడిగి తీసుకొని, అద్దాలు పెట్టుకొని, పందిట్లో అందరికీ వినపడేటట్టు చదివారు.

“పబ్లిక్‌కు ఇబ్బంది కలగకుండా... సరే. పబ్లిక్ యాడ?”

పందిట్లో కూరగాయలు తరుగుతున్నవాళ్లు, తోరణాలు కడుతున్నవాళ్లు, ఏ పనీ లేనివాళ్లు అందరూ లేచి నిలబడ్డారు.

“ఏమప్పా, ఇబ్బందిగా ఉండాదా మీకు?”

“లే సారూ! ఇంగా పెంచమను! ఏమీ వినపడల్యా!” అని పందిరంతా అరిచింది.

ఖాసిం సాబ్ మార్తమ్మ వైపు తిరిగారు. “ఏం జేద్దాం సిస్టర్? ఆసుపత్రి దగ్గర పెట్టగూడదని మాకూ తెలుసు. బోర్డు ల్యాకపాయె, ఆసుపత్రని నాకు ఎట్ల తెలుస్తాది? సంతకం పడిపోయింది. ఇప్పుడు పబ్లిక్‌ను అడిగితే ఇంగా పెంచమంటాండాది.”

“మీరు అడగాల్సినోణ్ని అడగల్యా సారూ,” అంది మార్తమ్మ. “వాడు నోరు తెరవలేడు. దవడలు పట్టేసినాయి. ధనుర్వాతం.”

పందిట్లో కత్తిపీటల చప్పుడు ఆగింది. పాట మాత్రం పాడుతూనే ఉంది. ఖాసిం సాబ్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. కేసు రాస్తే నా పెట్టె ఎత్తుకుపోవాలి. పెండ్లింట్లోంచి పెట్టె ఎత్తుకుపోయిన పోలీసు మళ్లీ ఆ ఊళ్లో ఎవరి చేతి కాఫీ తాగుతాడు? “తగ్గించుకోండప్పా, తగ్గించుకోండి,” అని గొణిగి, కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. నా సర్వీసులో పోలీసు కాఫీ తాగకుండా వెళ్లడం అదే మొదటిసారి.

మార్తమ్మ నా దగ్గరికి వచ్చింది. “నువ్వన్నా ఒకసారి వచ్చి చూడు. చూసినంక నీ ఇష్టం.”

నేను పెట్టె బాగుచేసేవాణ్ని గాని, ధనుర్వాతానికి వైద్యుణ్ని కాదు. వెళ్లి చేసేదేముంది అనుకుంటూనే ఒక రికార్డు వేసి, అది అయిపోయేలోపల వస్తానని వెళ్లాను. గడ్డి మీద నడుస్తుంటే కాళ్ల చప్పుడు నాకే వినిపించలేదు. ఎడ్లబండ్ల చక్రాల మోత లోపలికి రాకూడదని ఆ గడ్డి పరిపించింది ఆమేనట. ఊరి బండ్లను గడ్డితో ఆపింది గాని, నంద్యాల నుంచి బస్సెక్కి వచ్చిన నన్ను ఆపడానికి ఆమె దగ్గర ఏ గడ్డీ లేదు.

వసారాలో ఒక చిన్నవయసు ఆడమనిషి మోకాళ్ల మీద తల పెట్టుకొని కూర్చుంది. పేరు శాంతమ్మ, రోగి భార్య. రోగి పేరు యేసోబు. రుద్రవరం పక్క పల్లెలో కూలిపని. చేను తవ్వుతుంటే పార కాలికి తగిలింది. మట్టి పూసి కట్టుకట్టుకొని మళ్లీ తవ్వాడు. డాక్టరు మందు కోసం కర్నూలు పోయాడు. యేసోబును కూడా తీసుకుపోదామంటే, దారి కుదుపులకే ప్రాణం పోతుందని ఈ చీకటి గదిలో ఉంచారు.

మార్తమ్మ తలుపు సందు చేసి, “ఈణ్నుంచే చూడు. లోపలికి పోవద్దు,” అంది.

ఇక్కడ నేను ఏమీ పెంచడం లేదు. నాకంటే వయసులో చిన్నవాడు. వెన్ను పైకి లేచి, మడమలూ తల వెనకభాగమూ మాత్రమే మంచానికి ఆనుతున్నాయి. పండ్లు బిగిసి ఉన్నాయి. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, అతనికి అన్నీ తెలుస్తున్నాయి. గొంగళ్లు దాటి నా పాట లోపలికి వస్తోంది. పాటలో డోలక్ దెబ్బ పడినప్పుడల్లా ఆ మనిషి ఇంకాస్త వంగుతున్నాడు. డోలక్ మీద ఎక్కడ దెబ్బ పడుతుందో నాకు ముందే తెలుసు, వందలసార్లు వేసిన రికార్డు అది. నేను కళ్లు మూసుకున్నాను.

రికార్డు అయిపోయింది. విల్లు నారి విప్పినట్టు యేసోబు మంచం మీదికి వాలాడు. ఊపిరి వదిలాడు.

“ఇట్ల పట్టినప్పుడు ఊపిరి నిల్చిపోతాది. ఇంగ ఎన్నిసార్లు తట్టుకుంటాడో నాకు తెల్దు,” అంది మార్తమ్మ మెల్లగా.

అంతలో శెట్టి బావమరిది, పని తెలిసినవాడిలాగా, ఇంకో రికార్డు వేశాడు. మంచం కిర్రుమంది. నేను వీధిలోకి పరుగెత్తాను. పందిరి దాటి, బావమరిదిని దాటి, పెట్టె వెనకనున్న తీగలు ఒక్క గుంజు గుంజాను.

“ఏందప్పా?” అన్నాడు శెట్టి.

“కాలిపోయింది శెట్టీ! వాల్వు కాలిపోయింది!”

ఆళ్లగడ్డ మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. దూరంగా ఊరి చివరి నుంచి ఒకటే చప్పుడు, టకటకమని. పిండిమర ఆడుతోంది.

ఆ తర్వాత జరిగింది చెప్పాలంటే నాకు నాలుగు నోళ్లు కావాలి. మొదట వీధి చివరి చాకలామె వచ్చింది, తల జుట్టు విప్పుకొని. తర్వాత శెనగల కొట్టు ఆయన వచ్చాడు, భుజం మీది కండువా నడుముకు చుట్టుకొని. తర్వాత జనం ఇద్దరిద్దరుగా కాదు, సంతకు వచ్చినట్టు వచ్చారు. ఒకాయన వెదురు బొంగులు, కొత్తకుండ ముందుజాగ్రత్తగా తెచ్చేశాడు. మేళగాళ్లు తాము వాయించాల్సింది ఏ మేళమో అర్థంకాక పందిరి బయటే నిలబడిపోయారు.

ఎనభై దాటిన పెద్దశెట్టి, అంటే వెంకటసుబ్బయ్య తండ్రి, లోపలి అరుగు మీద మామిడిపండు జుర్రుకుంటున్నాడు. ఆయనకు చెవి కాస్త మందం. అందుకే ప్రపంచానికి కూడా మందమనుకొని కేకలు వేస్తూ మాట్లాడేవాడు. ఆయన గుసగుసలాడితే రుద్రవరంలో కోళ్లు లేచేవి. పక్కపల్లె నుంచి వచ్చిన ఆయన మేనకోడలు నరసమ్మ, ఏడ్చుకుంటూ వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

“అయ్యో మామా! మనవరాలి పెండ్లి చూడకనే పోతివా మామా!”

“ఏందే, ఎవురు పోయింది?” అన్నాడు పెద్దశెట్టి, టెంక చేత్తో పట్టుకొని.

“నువ్వే మామా!” అని రెండు చేతులతో చూపించి, అప్పుడు తలెత్తి, కెవ్వుమంది.

పెద్దశెట్టి తాపీగా టెంక చీకడం ముగించి, చెయ్యి కడుక్కొని, నేరుగా నా పెట్టె దగ్గరికి వచ్చి దాని మీద అరచెయ్యి పెట్టాడు. కాలింది అన్న పెట్టె వాసన చూశాడు. జీవితమంతా మిరపకాయల్ని వాసన చూసి ధర కట్టిన ముక్కు అది.

“కాలిన వాసన రాల్యా. ఏం జరిగిందో చెప్పప్పా. నన్ను సంపినోడివి, కారణం చెప్పొద్దూ?”

నేను చెవిలో చెప్పాను. ఆయన కర్ర తీసుకొని వీధి దాటాడు. వెంట నేనూ పోయాను. మార్తమ్మ గుమ్మం దగ్గరే చెయ్యి అడ్డం పెట్టింది. ఊరికంతా అప్పులిచ్చిన మనిషి, ఆ చేతికి ఎదురు చెప్పకుండా గడ్డి అంచున నిలబడ్డాడు. వసారాలోంచి శాంతమ్మ లేచి వచ్చింది. ఆమెకు ఈయనెవరో తెలియదు.

“ఎట్లుండాడమ్మా నీ పెనిమిటి?” గొంతు ఎంత తగ్గించి అడగాలని చూశాడో, ఆయన మెడనరాలు చూస్తే తెలిసింది.

“మైకు నిల్చినంక రవంత కండ్లు మూసినాడు నాయనా,” అంది. “మీరు పెండ్లింటోళ్లా? మీ ఇంట్లో ఎవురో పెద్దాయన పోయినాడంట గదా. అందుకే మైకు ఆగిందని చెప్పినారు. నా మొగునికి నిద్ర పట్టిందని సంతోషపడల్నో, మీ ఇంట్లో పోయినారని ఏడవల్నో తెలీల్యా. ఆ పెద్దాయన ఆత్మకు శాంతి ఇయ్యమని ప్రభువుకు ప్రార్థన చేసినా.”

పెద్దశెట్టి కర్ర మీద రెండు చేతులూ ఆనించి ముందుకు వంగాడు.

“ఆ పెద్దాయన్ని నేనేలేమ్మా,” అన్నాడు. “బాగుండా. నీ ప్రార్థన వాపసు తీసుకోవద్దు. నాకు ఎట్లన్నా పనికొస్తాది. ఇప్పటికి నీ మొగునికి వాడుకో.”

శాంతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు కనపడలేదు.

తిరిగి వస్తూనే ఆయన కొడుకును పిలిచాడు. “సుబ్బయ్యా, మైకు లేదు. మేళం లేదు. కుర్చీ ఒకటి తెచ్చి వీధి మొగదాల వెయ్యి.”

“నాయనా! మగపెండ్లోళ్లు ఏమంటారు? సంబంధం చెడిపోతాదేమో! జనం ఏమనుకుంటారు?”

“జనం ఏమనుకుంటారు? నేను పోయినాననుకుంటారు. అంతే గదా? నేను ఆడ కూచుంటా. చూసుకోని పొమ్మను.”

అట్లా పెద్దశెట్టి జరీ పంచె కట్టుకొని, తలపాగా చుట్టుకొని, వీధి మొగలో కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. తన గొంతు మీద తనకే నమ్మకం లేక, నోరు బిగించి, వచ్చినవాళ్లకు వచ్చినట్టు దండాలు పెట్టాడు. ఏడుస్తూ వచ్చినవాళ్లు ఆయన్ను చూసి, కళ్లు తుడుచుకొని, తాంబూలం తీసుకొని లోపలికి పోయారు. నాలుగు గొట్టాలు చెప్పాల్సిన కబురు ఆయన రెండు చేతులతో చెప్పాడు.

సాయంత్రానికి మగపెండ్లివారి బస్సు వచ్చింది. పెండ్లికొడుకు తండ్రి కిర్రుచెప్పులు వేసుకొని దిగాడు. ఆ రోజుల్లో చెప్పు ఎంత కిర్రుమంటే మనిషి అంత గొప్పవాడు. ఆయన నడిచి వస్తుంటే నూనెగానుగ తిరుగుతున్నట్టుండేది.

“ఏందీ, మేము దారి తప్పి వేరే ఊరికొచ్చినామా? మైకు యాడ? మేళం యాడ? మగపెండ్లోళ్లు వస్తే ఇట్లనా ఎదురొచ్చేది?”

శెట్టి మొహంలో నెత్తురు చుక్క లేదు. కూతురి పెండ్లి ఆ చెప్పుల కింద ఉంది. పెద్దశెట్టి లేచి, కొడుకు వియ్యంకుడి చెయ్యి పట్టుకొని, గడ్డి అంచుదాకా నడిపించుకొచ్చాడు. సంగతి చెప్పాడు. ఆ వియ్యంకుడు గంభీరంగా తల ఆడించి, “పాపమే. కాదనను. కానీ మా బంధువుల ముందర...” అని నసిగాడు.

“బావా, నువ్వూ వ్యాపారస్తుడివే, నేనూ వ్యాపారస్తుణ్నే,” అన్నాడు పెద్దశెట్టి. “నీ కొడుకు పెండ్లిలో పాట లేదని జనం కొన్ని దినాలు చెప్పుకుంటారు. నీ కొడుకు పెండ్లి పాటకు ఒక మనిషి పోయినాడని ఎన్ని దినాలు చెప్పుకుంటారో, నువ్వే లెక్క వేసుకో.”

ఆయన గొంగళ్లు కప్పిన కిటికీల వైపు చూశాడు. వసారాలో కూర్చున్న శాంతమ్మ వైపు చూశాడు. ఇంకొక అడుగు ముందుకు వేయబోయాడు, చెప్పు కిర్రుమంది. ఆగిపోయి, వంగి, రెండు చెప్పులూ విప్పి చేత్తో పట్టుకున్నాడు. వెనకనున్న బంధువులు ఒకరి మొహాలొకరు చూసుకొని, వాళ్లూ విప్పారు. నంద్యాల నూనె వ్యాపారులందరూ చెప్పులు చేతపట్టుకొని, ఉత్తకాళ్లతో, గడ్డి మీద పిల్లుల్లాగా నడిచి విడిదికి పోయారు. అంత గొప్ప ఊరేగింపు నేను మళ్లీ చూడలేదు.

మరునాడు పొద్దున ముహూర్తం. గట్టిమేళం దగ్గర చిక్కొచ్చింది. తాళి కట్టేటప్పుడు ఎవరైనా తుమ్మినా, అపశకునం మాట పలికినా వినపడకుండా డోలూ సన్నాయీ ఒక్కసారిగా మోగించడం మనకు ఆచారం. మేళం లేకుండా తాళి కట్టించనని పురోహితుడు పట్టుబట్టాడు.

“మేళం ఎందుకు సామీ?” అని పెద్దశెట్టి అడిగాడు, ఇప్పటికి గుసగుసలాడటం కొంచెం నేర్చుకొని.

“తుమ్ము వినపడకుండా.”

“అయితే ఎవురూ తుమ్మకుంటే సరిపాయె గదా?”

శాస్త్రంలో దీనికి జవాబు దొరకలేదు. వెంటనే పందిట్లో ముక్కుపొడి డబ్బీలన్నీ వసూలు చేశారు. మొదటి డబ్బీ పురోహితుడిదే. జలుబు ఉన్నవాళ్లను వరసగా నిలబెట్టి బయటికి పంపారు. పోపు వేయకూడదని వంటవాళ్లకు ఆజ్ఞ పోయింది. అప్పడాలు కరకరమంటాయని ముందే నలిపి పెట్టారు. డోలు వాయించే ఆయన చేతులు రెండూ తొడల కింద పెట్టుకొని కూర్చున్నాడు, అలవాటున లేచిపోతాయేమోనని. పందిట్లో ప్రతివాడూ కండువాతో ముక్కు మూసుకున్నాడు. కొత్తగా వచ్చినవాడు చూస్తే దొంగల పెండ్లి అనుకునేవాడు.

పురోహితుడు మంత్రం మనసులోనే చదివి, వేలెత్తి సైగ చేశాడు. పెండ్లికొడుకు తాళి అందుకున్నాడు.

ఎన్నో పెండ్లిండ్లకు మైకు పెట్టాను. తాళి కట్టేటప్పుడు ఒక చప్పుడు ఉంటుందని నాకు ఆ రోజు తెలిసింది. పెండ్లికూతురు తల వంచుతుంటే గాజులు కదిలాయి. పిల్లవాడి వేళ్ల నడుమ పసుపుతాడు పట్టుచీరకు రాసుకుంది. ఎవరో, వెంకటసుబ్బయ్యే అనుకుంటాను, గొంతులో కన్నీళ్లు మింగాడు. ఈ చప్పుళ్లన్నిటి మీదా నేను ఇన్నాళ్లూ రేకుగొట్టం బోర్లించాను.

సరిగ్గా చివరి ముడి పడుతుండగా పెండ్లికొడుకు తండ్రి, ఎంత ఆపుకున్నా ఆగక, కండువాలోకి తుమ్మాడు. పందిరి రాయిలాగా బిగుసుకుపోయింది. పురోహితుడు పెద్దశెట్టి వైపు చూశాడు.

“చిరంజీవ,” అన్నాడు పెద్దశెట్టి మెల్లగా. “అది తుమ్ము గాదు సామీ. మా బావ గట్టిమేళం.”

జనం కండువాల్లోనే నవ్వుకున్నారు. అక్షింతలు వాననీళ్లలాగా చప్పుడు లేకుండా పడ్డాయి.

యేసోబు బతికాడు. చాలా రోజులు పట్టింది. డాక్టరు తెచ్చిన మందు, మార్తమ్మ చేసిన కాపలా, అతని ఒంట్లోని మొండితనం అన్నీ కలిసి అతన్ని నిలబెట్టాయి. బోర్డు రాసేవాణ్ని నంద్యాల నుంచి నేనే పంపాను. ఆసుపత్రి కంటే బోర్డు పెద్దదని ఊళ్లో నవ్వుకున్నారు. ఖాసిం సాబ్ మాత్రం ఎప్పుడు అటు వెళ్లినా దాని ముందు సైకిల్ దిగి, బెల్లు మీద చెయ్యి పెట్టుకొని నడిపించుకుపోయేవారు.

అప్పట్నుంచి నాకొక అలవాటు పట్టుకుంది. గొట్టాలు కట్టకముందు వీధి రెండువైపులా నడిచి, “మీ ఇంట్లో ఎవురికన్నా బాగలేదా?” అని అడిగి వస్తాను. చిన్నబిడ్డలుంటే ఒక గొట్టం తిప్పుతాను, పెద్దరోగముంటే విప్పుతాను. పర్మిషన్ కాగితం మీద సంతకం పెట్టేది పోలీసువారే. కానీ ఆ కాగితంలోని పబ్లిక్ పందిట్లో ఉండదు. పందిట్లో ఉన్నవాళ్లు ఎప్పుడూ పెంచమనే అంటారు. కిటికీ మూసుకున్నవాణ్ని వెతుక్కుంటూ మనమే పోవాలి. నా సుద్దగీతల్లో పోలీసు గీత ఎప్పుడో చెరిపేశాను. అక్కర లేకపోయింది.

కొన్నేళ్ల తర్వాత రుద్రవరం పక్కన ఒక పల్లెలో చర్చి పండగకు మైకు కట్టడానికి పోయాను. ఇంటింటికీ తిరిగి అడిగివచ్చి, పెట్టె ఆన్ చేసి, మెల్లగా పాట పెట్టి, గొట్టం సరిచేయడానికి నిచ్చెన ఎక్కాను. కింద నిచ్చెన పట్టుకున్న మనిషి కొంచెం కూడా వంగకుండా నిలబడ్డాడు, వెన్ను బిర్రుగా ఉంది. అతను తలెత్తి నన్ను చూసి, “ఏందన్నా, ఏమీ వినపడల్యా. ఇంగా పెంచు!” అని అరిచాడు.

యేసోబు. నేను దిగి పెంచాను. అడిగినవాడు అతను గనక, ఆ ఒక్కసారి పెండ్లి గీత కూడా దాటించాను.

ఇక నేను కల్పించింది ఏదో చెప్తానన్నాను కదా. వెదురు బొంగులు కల్పన అనుకుంటున్నారేమో, కాదు. కిర్రుచెప్పులూ నిజమే. అప్పడాలు కూడా నలిపారు. నేను కల్పించింది ఆ తుమ్ము.

ఆ రోజు ఎవరూ తుమ్మలేదు. అంత మంది జనంలో, అంత దుమ్ములో, పసుపూ అక్షింతలూ సాంబ్రాణి పొగల మధ్య, ఒక్కరు కూడా తుమ్మలేదు, దగ్గలేదు, ఒక పసిబిడ్డ ఏడవలేదు. వీధి అవతల ఉన్న, ఎన్నడూ మొహం చూడని ఒక కూలిమనిషి కోసం, పందిరంతా ఊపిరి బిగపట్టుకొని కూర్చుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే మీరు నమ్మరని, ఒక తుమ్ము చేర్చాను.